ఎడమవైపు చుక్కలు

2022. రెండేళ్ళు మూతపడిన చిన్నపిల్లల బళ్ళు మళ్ళీ తెరిచిన ఏడాది. కోల్‌కతాలో వాట్‌గంజ్ డాక్ పక్కన ఒక చిన్న ధర్మ కంటి క్లినిక్‌లో నేను ఆప్టోమెట్రిస్టుని. డాక్టరును కాను. చూపు కొలిచి, అద్దాల నంబరు తేల్చి, అనుమానం ఉన్నవాళ్ళను డాక్టరు దగ్గరికి పంపే మనిషిని. రోజూ హౌరా నుంచి లాంచీలో గంగ దాటి, బస్సు పట్టుకుని చేరేసరికే ఒళ్ళు సగం అలిసిపోయేది. తలుపు తీసేసరికి వరండా నిండా జనం.

ఆ ఏడాది ఎక్కువమంది పిల్లలే. బళ్ళు తెరిచాక మాస్టర్లకు పిల్లల్లో సగంమంది అక్షరాలు మరిచిపోయి కనిపించారు. ఎందుకో తెలియనప్పుడు ఒక చీటీ రాసి పంపేవారు, కళ్ళు చూపించండని. చాలామందికి కళ్ళు బాగానే ఉండేవి. చదువే వెనకబడింది. ఆ మాట బెంగాలీలో, హిందీలో, తెలుగులో చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి, లోపలికి వచ్చే పిల్లను చూడకముందే నా నోట్లో ఆ వాక్యం సిద్ధంగా ఉండేది.

వానలు మొదలైన రోజుల్లో నూకరత్నం తన కూతురు హారికను తీసుకొచ్చింది. మనిషికి పాతికేళ్ళు దాటి ఉండవు. భర్త పైడిరాజు డాక్‌లో కంటైనర్లు కట్టే పనిలో ఉన్నాడు. శ్రీకాకుళం నుంచి వాళ్ళ తాతలనాడు వచ్చిన కుటుంబం. పిల్లకు ఆరేళ్ళు, రెండు జడలు, చేతిలో తడిసిన గొడుగు. నా తెలుగు వినగానే తల్లి ముఖం విప్పారింది.

“మీరు మనోల్లేనేటి దిదీ? అయితే మీరే సెప్పండి. ఈ గుంటకి కల్లద్దాలు కావాలా, బెత్తం కావాలా?”

“ముందు చూడనివ్వండమ్మా” అన్నాను.

చిన్నపిల్లలకు మేం ‘ఈ’ చార్ట్ పెడతాం. ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం నాలుగు దిక్కులకూ తిరిగి ఉంటుంది. దాని కాళ్ళు ఎటున్నాయో పిల్ల చేత్తో చూపిస్తే చాలు, చదవనక్కర్లేదు. ఒక్కో అక్షరాన్నీ కర్రతో తాకి చూపిస్తాను. హారిక ఒక్కటీ తప్పకుండా చివరి వరస దాకా చూపించింది. కుడికన్ను, ఎడమకన్ను, రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

నా వాక్యం చెప్పేశాను. “కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. చదువే కొంచెం వెనకబడింది.”

ఆ మాట విని సంతోషించాల్సిన తల్లి కూలబడ్డట్టు కూర్చుంది. “అయితే ఒళ్ళుబద్దకమేనన్నమాట. బల్లో మిస్సు రోజూ సుక్కలు కలిపే బొమ్మ ఇస్తాది దిదీ. ఏబీసీడీల వరసలో సుక్కలు కలిపితే బొమ్మొస్తాది కదా. అందరి పిల్లలూ సేసేస్తారు. ఇది సగం గీసి ఒగ్గేస్తాది. దసరా పూజా సెలవల్లోపు నేర్చుకోకపోతే కింద కలాసులో కూకోబెడతామన్నారు. నాను రాత్రి దాకా కూకోబెడతన్నాను. కొడతన్నాను కూడా. ఏటి సెయ్యమంటారు?”

“ఎప్పుడూ ఇంతేనా?”

“లేదు. బల్లు మూసేసినప్పుడు నానే సెప్పినాను అక్షరాలు. పోయినేడు మేడమీద కూకోని బాగానే గీసీది. ఇప్పుడే బుద్ది తిరిగిపోనాది.”

పోయినేడు బాగా గీసిన పిల్ల ఈ ఏడు గీయకపోవడం నాకు కొంచెం తేడాగా అనిపించింది. వచ్చినవి రాకుండా పోతే ఆరా తీయమని మాకు చదువుకునే రోజుల్లోనే చెబుతారు. నిజం చెప్పాలంటే, లేచి వెళ్ళి టీ తాగాలని ఉంది. అయినా పిల్లను బల్ల దగ్గరికి పిలిచాను. వరండాలో ఏడిచే పిల్లల కోసం మేం జెరాక్స్ తీసి పెట్టుకునే చుక్కల బొమ్మల్లోంచి ఒక పడవ తీసి ముందు పెట్టాను. తెరచాప కొసన ‘ఏ’. అక్కడి నుంచి కుడివైపు వాలుగా దిగి, పడవ అడుగు మీదుగా ఎడమకు తిరిగి, మళ్ళీ పైకి వచ్చి ‘ఏ’ దగ్గర కలుస్తుంది.

హారిక పెన్సిల్ పట్టుకుని ‘ఏ, బీ, సీ’ అని పైకి చదువుకుంటూ చకచకా దిగింది. తడబాటు లేదు. ‘జే’ దగ్గర అడుగు ఎడమకు తిరగాలి. అక్కడ ఆగింది. కాసేపు చూసి, ‘జే’ నుంచి తిన్నగా పైకి ‘ఏ’కి గీత లాగేసింది. సగం తెరచాప, సగం పడవ.

“అయిపోయింది.”

“సూసినారా!” అంటూ తల్లి చెయ్యెత్తింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

“జే తర్వాత ఏముంటుంది హారికా?”

“కే, ఎల్, ఎమ్, ఎన్...” జడ్ దాకా గడగడా చెప్పేసింది.

“మరి ‘కే’ ఏది?”

పిల్ల నా ముఖం చూసింది. అబద్ధం చెప్పే పిల్ల చూపు కాదది. “దీన్లో కే వెయ్యలేదు ఆంటీ.”

‘కే’ ఆమె పెన్సిల్‌కు పక్కనే ఉంది, ఎడమవైపు. నేను కాగితాన్ని మెల్లిగా కుడికి జరిపాను. పిల్ల ముఖం వెలిగింది.

“ఇప్పుడొచ్చింది!”

నా అలసట అక్కడితో ఎగిరిపోయింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. కన్‌ఫ్రంటేషన్ టెస్ట్ అని ఒకటుంది. పిల్ల నా ముక్కునే చూస్తుండాలి, నేను పిల్ల చెవి వెనక నుంచి ఒక ఎర్రబొమ్మను మెల్లగా ముందుకు తెస్తాను, కనబడగానే చెప్పాలి. కుడివైపు నుంచి తెస్తే బొమ్మ ఇంకా దూరంగా ఉండగానే “అదిగో” అంది. ఎడమవైపు నుంచి తెస్తే ముక్కు ముందుకు వచ్చేదాకా పలకలేదు. ఒక కన్ను మూసి చూశాను. రెండో కన్ను మూసి చూశాను. రెండిటికీ అదే. రెండు కళ్ళకూ ఒకే వైపు కనబడకపోతే తేడా కంట్లో ఉండదు. కంటి నుంచి మెదడు దాకా పోయే దారిలోనో, మెదడులోనో ఉంటుంది. దాన్ని హెమియనోపియా అంటారు, సగం చూపు పోవడం. చార్ట్‌లో అది దొరకలేదు. ఒక్కో అక్షరాన్నీ నేనే కర్రతో చూపించాను మరి.

“ఇంట్లో గుమ్మాలకు కొట్టుకుంటుందా?” అని తల్లిని అడిగాను.

“ఎడం బుజం ఎప్పుడూ కమిలిపోయే ఉంటాది. దూకుడు పిల్ల దిదీ.”

“అన్నం?”

నూకరత్నం గొంతు తగ్గింది. “కంచంలో సగం ఒగ్గేస్తాది. ఒక పక్కదే తింటాది. నాను తిప్పి పెడితే మల్లీ తింటాది... ఎందుకడుగుతన్నారు?”

“వాంతులున్నాయా?”

“పొద్దున్న అప్పుడప్పుడు. బడి ఎగ్గొట్టడానికి నాటకం అనుకున్నాం.”

మా డాక్టర్ దాదా బెంగాలీ మనిషి, మాటలు తక్కువ. వెళ్ళి చెబితే ప్రశ్న వెయ్యకుండా లేచి వచ్చి తనే మళ్ళీ చూశాడు. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చి, నాతో, “ఇది ఆగే పని కాదు. ఆమెకు ఆ ఆసుపత్రిలో దారి తెలియదు. రేపు పొద్దున్నే నువ్వు వెంట వెళ్ళగలవా?” అన్నాడు. వెళ్ళగలనని అన్నాను గానీ, వారంలో నాకున్న ఒక్క సెలవూ ఆ మర్నాడే.

పెద్దాసుపత్రి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి, ఆ కిటికీ మూసేశారని మళ్ళీ మొదటిదానికి. స్కానింగ్ గది బయట నేలమీద మేం ముగ్గురం కూర్చున్నాం. హారిక తల్లి ఒళ్ళో నిద్రపోయింది. నూకరత్నం పిల్ల తల నిమురుతూ ఉంది. తర్వాత నా వైపు చూడకుండా అడిగింది.

“దిదీ, నాను దీన్ని తలమీద కొట్టినాను. స్కేలుతోటి. అందుకేనా?”

“కాదు.”

“గట్టిగా కొట్టినాను.”

“అయినా అది కాదు. స్కేలు దెబ్బకు ఇలా రాదు. డాక్టర్లూ అదే చెబుతారు.”

తల ఊపింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

స్కాన్‌లో మెదడు వెనక భాగాన, కుడివైపు, ఒక గడ్డ కనబడింది. చుట్టూ వాపు. ఇంకొన్ని పరీక్షల తర్వాత అది క్షయ గడ్డ అని తేల్చారు. ఊపిరితిత్తులకు వచ్చే క్షయే అరుదుగా మెదడులో గడ్డ కడుతుంది. పైడిరాజు డ్యూటీ బట్టల్లోనే పరుగెత్తుకొచ్చాడు. “ఆపరేషనా?” అని అడిగి, అక్కర్లేదు, ఏడాదికి పైగా మందులు వాడాలి అంటే గోడకు ఆనుకుని ఏడ్చేశాడు. ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేస్తే పైడిరాజు తల్లి అప్పాయమ్మ దగ్గు క్షయ అని తేలింది. కొన్ని నెలలుగా ఆ ముసలమ్మ దగ్గుతూ, చుట్ట మానితే తగ్గిపోతుందని నచ్చజెప్పుకుంటూ, మనవరాల్ని పక్కలో వేసుకుని పడుకునేది. ఆమెకూ మందులు మొదలుపెట్టారు. కోడలు ఆమెను ఒక్క మాట అనలేదు. అనాల్సింది అంతా తనను తానే అనుకుంది.

మందుల వల్ల వాపు తగ్గి, వాంతులు ఆగాయి. చూపు మెల్లమెల్లగా వెనక్కి వచ్చింది గానీ మొత్తం రాలేదు. ఎడమవైపు పైభాగం కనబడకుండానే ఉండిపోయింది. దానికి మందు లేదు, అలవాటు ఒక్కటే. మా దగ్గరికి వచ్చినప్పుడల్లా కాగితానికి ఎడమ అంచున నిలువుగా ఎర్రగీత గీసి ఇచ్చేదాన్ని. “ఎర్రగీత కనబడేదాకా తల తిప్పు. తర్వాత చుక్కలు వెతుకు.” మొదట్లో విసుగుపడి పెన్సిల్ విసిరేసేది. రాను రాను తల తనంతట తనే తిరగడం మొదలైంది. బడికి డాక్టర్ దాదా ఉత్తరం రాస్తే మిస్ స్వయంగా క్లినిక్‌కు వచ్చి, పిల్లను క్లాసులో ఏ పక్క కూర్చోబెట్టాలో అడిగి తెలుసుకుని వెళ్ళింది. ఎడమ గోడ పక్కన, అన్నాను. అప్పుడు బోర్డూ మిగతా పిల్లలూ తన కుడివైపు ఉంటారు.

నూకరత్నం మాత్రం ఎప్పుడు వచ్చినా, వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి అదే ప్రశ్న. “నాను కొట్టినందుకు కాదు కదా దిదీ?” కాదంటాను. మళ్ళీసారి మళ్ళీ అడుగుతుంది. బయట లైను పెరుగుతుంటుంది, నా కాళ్ళు లాగుతుంటాయి, ఒక్కోసారి జవాబు కాస్త విసురుగానే వచ్చేది. అయినా ఆమె అడగడం మానలేదు.

మందులు వాడాల్సిన గడువు పూర్తయ్యాక చివరిసారి చూపించడానికి వచ్చినప్పుడూ అడిగింది. నేను నోరు తెరిచేలోపు హారిక అందుకుంది. అప్పటికి పిల్ల పొడుగైంది, ముందు పళ్ళు ఊడి మళ్ళీ వచ్చాయి.

“అమ్మా, నువ్వు కొట్టింది వీపుమీద. మందులేసింది తలకి. ఆంటీకి ఎన్నిసార్లు పని సెప్తావు?”

నూకరత్నం పిల్ల వైపు చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో, రెండూనో. పిల్ల నిజంగానే మరిచిపోయిందో, అమ్మ కోసం అలా అందో నాకు తెలియదు. నేనెన్నిసార్లు చెప్పినా చేరని మాట ఆ రోజు చేరినట్టుంది. ఆ తర్వాత ఆమె ఆ ప్రశ్న అడగలేదు.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. కొన్నాళ్ళకు నూకరత్నం మళ్ళీ వచ్చింది, పక్కింటావిడను, ఆమె కూతుర్నీ వెంటబెట్టుకుని. “దీనికీ అక్షరాలు రావంట దిదీ. ఈవిడ కొడతంది. ముందు మా దిదీ కల్లు సూడాల, ఆ తర్వాతే ఏదైనా అని లాక్కొచ్చినాను.”

చార్ట్ చూశాను. ఎర్రబొమ్మ పట్టి చూశాను. చుక్కల బొమ్మ ఇచ్చాను. ఆ పిల్ల ఎడమా కుడీ అన్నీ చూడగలదు. రెండు చుక్కలు కలిపి, పెన్సిల్ పక్కన పెట్టి, కిటికీలోంచి డాక్ క్రేన్ల వైపు చూస్తూ కూర్చుంది. ఏ జబ్బూ లేదు. అక్షరాలంటే ఇష్టం లేదు, అంతే.

ఆ తల్లి నా నోటివైపే చూస్తోంది. కళ్ళు బాగానే ఉన్నాయంటే ఇంటికెళ్ళాక ఏమవుతుందో నాకు తెలుసు. ఇన్నేళ్ళలో నేను ఆ వాక్యం చెప్పి పంపించేసిన పిల్లలందరికీ ఇళ్ళలో ఏమైందో అప్పుడే మొదటిసారి ఆలోచించాను. హారికకు గడ్డ ఉంది కాబట్టి కొట్టకూడదని అందరికీ తెలిసింది. గడ్డ లేని పిల్ల మాట ఏమిటి?

“కళ్ళు బాగానే ఉన్నాయి. పిల్లకు ఏమీ లేదు” అన్నాను. “అయినా కొట్టకండి.”

ఇప్పుడు కళ్ళు బాగున్న ప్రతి పిల్ల తల్లికీ ఆ రెండో ముక్క కూడా చెబుతున్నాను. వినేవాళ్ళు తక్కువ. ‘మీకేం, చెబుతారు’ అన్నట్టు చూసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. సాయంత్రానికి నా గొంతు మునుపటికంటే ఇంకాస్త ఎక్కువ అరుగుతోంది.