నాకు పడ్డ గోలీ, వదినకు పడని గోలీ

పన్నెండేండ్ల సంది నేను ఐటీ కంపెనీల స్టాఫ్ బస్సు నడుపుతున్న. ప్రగతి నగర్ కాడ మొదలుపెట్టి, నలభై మందిని ఎక్కించుకొని గచ్చిబౌలి దాటినంక దింపుత. ఒక సోమవారం పొద్దున ఫ్లైఓవర్ మీద ఉన్నట్టుండి ఛాతి బిగుసుకపోయింది. స్టీరింగ్ మీద చేతులు వణికినయ్. చెవులల్ల ఒకటే హోరు. ఇగ పోయిన అనుకున్న. ఎట్లనో బస్సు పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేక్ గుంజి, తల స్టీరింగ్ మీద పెట్టిన.

దవాఖానల పరీక్షలన్నీ చేసి గుండె మంచిగనే ఉందన్నరు. ఇంకో రెండుసార్లు గట్లనే అయ్యేసరికి, గుండె చూసిన డాక్టరే నన్ను మానసిక వైద్యురాలి దగ్గరికి పొమ్మని చీటి రాసిచ్చిండు. నాకు సిగ్గు, కోపం రెండూ వచ్చినయ్. "నేనేమన్న పిచ్చోన్నా?" అని ఇంట్ల ఒర్రిన.

నా భార్య భయం వేరే. వాళ్లక్క, అంటే మా వదిన, దిగులు జబ్బుకు ఆరేండ్లు గోలీలు మింగింది. ఒళ్లంతా ఉబ్బింది, చేతులు వణికేటివి, పొద్దంత నిద్ర. అవి ఇడిసిపెట్టినంకనే మళ్ల మనిషైంది. "అక్కను చూసినవ్ కదా. నువ్వు గూడ గట్లయితవని నా ఫికర్," అన్నది నా భార్య.

అయినా పోయిన. బస్సు నడపకుంటే నేనేం కావాలె? డాక్టరమ్మ కోస్తా మనిషి. ఇది భయం తెచ్చే జబ్బేనండి, తగ్గుతుందండి అని చెప్పింది. మొదటి గోలీతోని అన్నం ముందట కూసున్నా కునికిపాట్లే. వారానికి పోయి గదే చెప్పిన. "చెప్పి మంచి పని చేశారండి. మగతగా ఉన్నన్నాళ్లు బండి ముట్టుకోకండి. మందు మారుద్దాం," అన్నది.

సూపర్‌వైజర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నన్ను రూటు నుంచి తీసి యార్డుల పనికి పెట్టిండు. రెండో గోలీ నాకు పడ్డది. దాంతోపాటు డాక్టరమ్మ చెప్పినట్టు మొదలు ఆగి ఉన్న బస్సుల కూసొని నిదానంగ ఊపిరి తీసుకునుడు నేర్చిన. మగత పూర్తిగ పోయినంక, ఆమె సరేనన్నంక, యార్డులనే రౌండ్లు కొట్టిన. ఆ తర్వాత ఖాళీ బస్సు, పక్కకు సూపర్‌వైజర్. నాలుగు నెలలకు నలభై మందితోని ఫ్లైఓవర్ ఎక్కిన. గుండె దడదడ కొట్టుకున్నది. కొట్టుకోనీ అనుకున్న. కిందికి దిగేసరికి నాకు తెల్వకుండనే నవ్వుతున్న. వెనక సీట్లల్ల అందరూ ఫోన్లు చూసుకుంటున్నరు.

ఆ గర్వంతోనే హఫీజ్‌పేట్‌ల మా ఇంటికొచ్చిన వదినతోని అన్న, "నువ్వు తొందరపడి మానేసినవ్ వదినా."

వదిన చాయ్ గ్లాసు కింద పెట్టింది. "తొందరపడ్డనా? చేతులు వణుకుతున్నయని ఆ డాక్టర్‌కు ఎన్నిసార్లు చెప్పిన్నో నీకెరికనా? మామూలే అనేటోడు. ఒక్కనాడన్న తలెత్తి చూడలే. ఇంకో డాక్టర్‌ను వెతుక్కున్న. ఆయన జర జర తగ్గిస్తే ఏడాది పట్టింది. మధ్యల రెండుసార్లు మళ్ల పెంచిండు. ఇప్పుడు నెలకోసారి పోయి మాట్లాడొస్త. నీకు పడ్డది మరిదీ, నాకు పడలే. గంతే."

ఆమె మానేసిందన్నదే విన్న గని, ఎట్ల మానేసిందో ఎన్నడూ అడగలే.

కొన్ని నెలలకు మా యార్డుల డ్రైవర్లకు ఆరోగ్య శిబిరం పెట్టిండ్రు. నన్ను మాట్లాడమన్నరు. "నేనొక్కన్నే అయితే సగమే చెప్పినట్టైతది," అని వదినను తీసుకపోయిన. తెల్లాపూర్‌ల ఒక గేటెడ్ కమ్యూనిటీల హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ ఆమె. డ్యూటీ చీరతోనే వచ్చింది. గోలీ నన్ను నిలబెట్టిందని నేను చెప్పిన. గోలీ తనను పడగొట్టిందని ఆమె చెప్పింది.

ఒక డ్రైవర్ లేచిండు. "గిదేంది? ఇద్దరు రెండు తీర్ల చెప్తే మేమెవరి మాట వినాలె?"

"నీ పానం మాట విను," అన్నది వదిన. "ఏమైతుందో దాచకుండ డాక్టర్‌కు చెప్పు. వినకపోతే వినే డాక్టర్‌ను చూసుకో. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు."

అప్పుడు మాలో అందరికన్న పెద్దాయన, నెరిసిన మీసాలాయన, కుర్చీల నుంచి లేచిండు. "నాకు మూడేండ్ల సంది నిద్ర లేదు. మా ఇంటిదానికి గూడ చెప్పలే," అన్నడు. ఆయన వెనక ఇంకొకడు, వాని వెనక ఇద్దరు. ఒకడు మందుల్ని తిట్టిండు, ఇంకొకడు మొక్కిండు. అరగంటన్న మీటింగు రెండు గంటలైంది. మా సూపర్‌వైజర్ గడియారం చూసుడే మానేసిండు.

ఆఖర్ల అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టిండ్రు. ఎక్కువ మా వదినకే. ఆమె చుట్టు మూగి ఒకటే అడుగుడు. నాకు జర కుళ్లు పుట్టిన మాట నిజమే గని, అందరికన్న గట్టిగ చప్పట్లు కొట్టింది గూడ నేనే.