పెద్దమ్మ కంటికి అందినంత పట్నం

మా ఇంటికి వచ్చే చుట్టాలు చాలామంది ఒకటే మాట అడుగుతారు. రెండు రోజులే ఉంటాం, పట్నంలో ఏమేం చూడొచ్చు అని. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మా ఇల్లు. పిల్లల్ని కోచింగ్‌లో చేర్పించడానికి వచ్చినవాళ్లు, పంజాగుట్టలో డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లు, పెండ్లి బట్టలు కొనడానికి వచ్చినవాళ్లు, అందరికీ మా ముందుగదే విడిది. నేను ఇదివరకు వేళ్లు మడుస్తూ ఏడు జాగలు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పను. ఒక పొద్దున ఒక్క జాగ చూడండి, మిగతావి వదిలెయ్యండి అంటాను. నన్ను పిసినారిదాన్ని చూసినట్టు చూస్తారు. కానీ ఈ మాత్రం తెలివి కూడా నాకు మా పెద్దమ్మ వల్ల వచ్చింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మాది నేతపని చేసుకునే ఊరు. ఆమె గుంటమగ్గం మీద తువ్వాళ్లు నేసేది. నేను పక్కన కూర్చుని కండెలకు నూలు చుట్టేదాన్ని. ఇంట్లో పని చేసే చేతులు తక్కువై నన్ను బడికి పంపలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మగ్గం కాసేపు ఆగేది కదా, ఆ కాసేపట్లోనే పెద్దమ్మ సుద్దముక్కతో నేల మీద నాకు అక్షరాలు దిద్దించింది. గోడ క్యాలెండర్‌లో ఏకాదశి ఎప్పుడో నా అంతట నేను చదివి చెప్పిన రోజు చేతిలో బెల్లంముక్క పెట్టింది. ఇప్పుడు పొద్దున దీపం ముందు కూర్చుని స్తోత్రం పుస్తకం తెరిచినప్పుడల్లా, దేవుడికి దండం పెట్టేముందు ఆమెకే పెట్టుకుంటాను. దేవుడు ఏమీ అనుకోడని నా నమ్మకం.

పోయిన చలికాలం ఆమె కండ్లు చూపించుకోవడానికి వచ్చింది. నేను వెంట ఉన్నాను. పంజాగుట్టలో డాక్టరు చాలాసేపు చూసి, దాచకుండా చెప్పాడు. పక్క చూపు పోయింది, అది ఇక రాదు. ఎదురుగా ఉన్నది మాత్రం కనిపిస్తోంది. చుక్కలు తప్పకుండా వేసుకుంటే ఆ ఉన్నది నిలవొచ్చు, ఎన్నాళ్లన్నది చెప్పలేను అన్నాడు. పోయిన చూపుకు మందే లేదా అని నేను అడగబోయాను. పెద్దమ్మ మాత్రం, "పోయినదాని సంగతి వద్దు సార్, ఉన్నదానితోని నడుస్త" అని లేచింది.

బయట ఆటోల మోత. మెట్రో స్తంభం నీడలో నిలబడి, కొంగుతో కండ్లు తుడుచుకుని అంది.

"బిడ్డా, చార్మినార్ ఎక్కాలె నేను."

"ఎందుకే ఇప్పుడు?"

"ఇప్పుడు గాకపోతే ఇంకెప్పుడు? సిగరెట్ డబ్బ మీద సూసిన, క్యాలెండర్ మీద సూసిన. కండ్లున్నప్పుడే ఓసారి మీదికెక్కి సూస్త."

ఎల్లుండి మధ్యాహ్నం ఒంటిగంట బస్సుకు ఆమెకు టికెట్ తీసి ఉంది. అంటే చేతిలో ఉన్నది ఒకటిన్నర రోజు. ఆ రాత్రి రొట్టెలు చేస్తూ నేను పెద్ద లెక్క వేసుకున్నాను. రేపు మ్యూజియం, గోల్కొండ, ట్యాంక్‌బండ్. ఎల్లుండి పొద్దున చార్మినార్, గాజుల దుకాణాలు. మా ఆయనకు అమీర్‌పేటలోనే బ్లౌజులు కుట్టే చిన్న షాపుంది. నా లెక్క విని నవ్వాడు.

"ఇరవై ఏండ్లాయె ఈడికొచ్చి, నువ్వే ఇంకా చార్మినార్ ఎక్కలే. నువ్వు సూపిస్తవా అత్తమ్మకు?"

"నువ్వు తీస్కపోతే గద ఎక్కేది" అన్నాను. పెద్దమ్మ పకపకా నవ్వింది.

మర్నాడు గురువారం. మొదలు మ్యూజియం పెట్టుకున్నాం, శుక్రవారం దానికి సెలవు కాబట్టి. బయల్దేరేముందు ఇలాంటివి అడిగి తెలుసుకుంటే దారి ఖర్చు, ఓపిక రెండూ మిగులుతాయి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కాం. ఆఫీసుల రద్దీ తగ్గాక పదింటికి ఎక్కితే కూర్చోవడానికి జాగ దొరుకుతుంది. పెద్దమ్మను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాను. అంత ఎత్తు మీద, మంచి వెలుతురులో, ఆమె పంజాగుట్ట నుంచి లక్డీకాపూల్ దాకా గుడ్లప్పగించి చూసింది. నేను అసెంబ్లీ చూపిద్దామని ఎదురుచూస్తుంటే ఆమె చూస్తున్నది వేరే.

"ఎర్రమంజిల్ దాటేదాకా ఎన్ని మేడల మీద చీరలు ఆరేసిండ్రు బిడ్డా! ఒక్కటి సుత మగ్గం మీదిది లేదు."

ఎదురుగా కూర్చున్న అమ్మాయి తన చున్నీ సర్దుకుంది.

మ్యూజియంలో నేను ఆమెను నేరుగా బట్టల గదికి తీసుకుపోయాను. నేతపని చేసిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను. పాత బట్టలు వెలుతురుకు పాడవుతాయని అలాంటి గదుల్లో దీపాలు సన్నగా పెడతారు. ఆ మసక వెలుతురులో పెద్దమ్మకు ఎదుటిది కూడా అందలేదు. అద్దం కనిపించక నుదురు తగిలింది. పక్కనుంచి వచ్చిన చిన్నపిల్ల మీద పడబోయింది. నాకేమో గడియారం మీద ధ్యాస, ఇంకా గోల్కొండకు పోవాలని. చెయ్యి పట్టుకుని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి లాక్కుపోతూనే ఉన్నాను.

మూడో గదిలో ఆమె చెయ్యి విడిపించుకుంది.

"ఏందే, నన్ను బర్రెను గుంజుకపోయినట్టు గుంజుకపోతున్నవ్?"

"ఇంకా మస్తు ఉన్నది పెద్దమ్మా చూడడానికి."

"సూసేది నువ్వా నేనా? నాకు ఒక్కొక్కటే కనబడుతది. దాన్ని పట్టుకునేలోపే నువ్వు నడిపిస్తున్నవ్. పొద్దుగాల్నించి నేను సూసింది నీ ఈపే."

అక్కడే బెంచీ మీద కూలబడ్డాం. నాకు ఏడుపొచ్చింది. ఆమె కండ్లకు మిగిలిన రోజుల్లో ఒక పూటను నేనే పాడుచేశాను కదా అని. కాసేపటికి ఆమే నా మోకాలి మీద తట్టి, "సరే తియ్, ఆ బోర్డు మీద ఏం రాసిండ్రో సదువు" అంది. తెలుగులో రాసి ఉన్న బోర్డులన్నీ మెల్లగా చదివి వినిపించాను. నేను చదువుతుంటే ఆమె పెదాలు కదుపుతూ కూర్చుంది, మా ఇంటి నేల మీద కూర్చున్నట్టే. గోల్కొండ మానేశాం. ట్యాంక్‌బండ్ మానేశాం. ఇంటికొచ్చి పప్పుచారు, అన్నం తిని పడుకున్నాం.

శుక్రవారం పొద్దున్నే దీపం పెట్టి, ఆ ఒక్క పని సరిగ్గా జరిపించమని మొక్కుకున్నాను. చుట్టాలకు నేను చెప్పేవన్నీ ఆ పూట నేర్చుకున్నవే. తలుపులు తీసే వేళకే చార్మినార్ దగ్గర ఉండాలి. శుక్రవారమైతే మరీను, పక్కనున్న పెద్ద మసీదులో మధ్యాహ్నం నమాజుకు జనం పెరగకముందే చూసి దిగాలి. నీళ్లసీసా, రెండు అరటిపండ్లు సంచిలో పెట్టుకోవాలి. మెట్రో స్టేషన్‌లోనే బాత్రూంకు పోయి రావాలి, తర్వాత వెతుక్కుంటే దొరకదు. చూపు తక్కువున్న మనిషిని మనం పట్టుకోకూడదు, మన మోచెయ్యి వాళ్లకు ఇవ్వాలి. ఈ చివరిది పెద్దమ్మే నాకు చెప్పింది, బస్‌స్టేషన్ దగ్గర మెట్రో దిగాక. "నువ్వు ముందు నడువు, నేను పట్టుకుంట. గప్పుడు నీ అడుగు నాకు తెలుస్తది."

కింద నిలబడి తలెత్తితే నాకే కండ్లు తిరిగాయి. పెద్దమ్మ మెట్ల దగ్గరికి రాగానే చెప్పులు విడిచేసింది.

కాపలాగా ఉన్న పెద్దమనిషి నవ్వాడు. "అమ్మా, చెప్పులు ఇడువకుండ్రి. గుడి కాదు గిది."

"పైన నమాజు జాగ ఉన్నదంటరు గద నాయనా?"

"ఉన్నది గానీ అంత మీదికి పోనియ్యరు."

"పోనియ్యకుంటె ఏమాయె. మెట్లు ఆ దేవుని ఇంటివే గద."

ఆయన పక్కకు జరిగి దారిచ్చాడు. నేను మాత్రం గొణిగాను. లోపల చూస్తే మెట్లు సన్నగా, మెలికలు తిరుగుతూ, చీకటిగా ఉన్నాయి. ఒక్కో మెట్టు ఎంత ఎత్తో, అరిగి నున్నగా ఎలా అయిపోయాయో! చూపున్న నేనే గోడ పట్టుకుని నిలబడ్డాను. పక్క చూపు లేని మనిషి, కాళ్ల కింద ఏముందో కనిపించని మనిషి, పైగా వట్టి కాళ్లతో. జారితే? తుంటి విరిగితే? "వద్దు పెద్దమ్మా, కిందినుంచే చూద్దాం" అన్నాను.

"నువ్వు జర పక్కకు జరుగు" అంది.

ఒక చెయ్యి నా భుజం మీద వేసింది. ఇంకో చేత్తో గోడ తడిమింది. కుడికాలు ముందుకు జరిపి, బొటనవేలితో మెట్టు అంచు వెతికి, మడమ ఆనించి, బరువు వేసింది. తర్వాత ఎడమకాలు. మళ్లీ కుడికాలు. నాలుగైదు మెట్లయ్యాక నాకు అర్థమైంది. ముప్ఫై ఏండ్లు గుంటలో కాళ్లు పెట్టి మగ్గం తొక్కిన మనిషి ఆమె. ఏ కాలి కింద ఏ చెక్క ఉందో ఏనాడూ వంగి చూడలేదు. చూపంతా పోగు మీద, తొక్కేదంతా కాళ్ల తెలివి. చెప్పులతో అయితే ఆమె నాలుగో మెట్టు మీదే తడబడేది. నేను వేసుకున్న చెప్పులే రెండుసార్లు జారాయి.

వెనక నుంచి ఎవరో పిల్లలు తొందరపెట్టారు. "ఆంటీ, జర జల్దీ." పెద్దమ్మ వెనక్కి తిరక్కుండానే జవాబిచ్చింది. "నాలుగువందల ఏండ్ల సంది ఉన్నది గిది, నువ్వొచ్చేదాకా యాడికి పోదు." పిల్లలు నవ్వి ఆగిపోయారు.

పైకి చేరాక ఆమె చుక్కల వేళైంది. గోడ వారగా కూర్చోబెట్టి రెండు కండ్లలో వేశాను. వేశాక కాసేపు కండ్లు మూసుకునే ఉండాలి. అంత దూరం వచ్చి, అంత ఎత్తు ఎక్కి, ఆమె కండ్లు మూసుకుని కూర్చుంది. కింద హారన్లు, పావురాల రెక్కల చప్పుడు, చల్లటి గాలి. నేను ఆమె పక్కనే చేతులు ఒళ్లో పెట్టుకుని, ఈ కండ్లకు ఈ ఒక్క పూట ఇవ్వు తండ్రీ అని లోపలే అనుకున్నాను.

కండ్లు తెరిచి లేచింది. ఎదురుగా ఒక కమాను. ఆమె దాని ముందు నిలబడి అలాగే ఉండిపోయింది. ఏమైందో అని భయపడ్డాను.

"ఏం కనిపిస్తలేదా?"

"అంతా కనిపిస్తుంది బిడ్డా."

అప్పుడు నేను ఆమె వెనక నిలబడి చూశాను. అటూ ఇటూ రాతి గోడ, నడుమ కమాను, అందులో ఒకే ఒక్క రోడ్డు, ఆ చివర ఇంకో పాత కమాను. పక్కకు చూడడానికి ఏమీ లేదు. ఆమె కంటికి అందినంత మేరకే ఎవరో కొలిచి కట్టినట్టుంది. ఎంత కనిపించాలో అంతా కనిపిస్తోంది, ఏదీ తప్పిపోవడం లేదు. ఎవరు కట్టించారో, ఆ రాళ్లు మోసినవాళ్లు ఎవరో, వాళ్లందరికీ మనసులో దండం పెట్టుకున్నాను.

ఆమె తొందరపడలేదు. తోపుడుబండి మీద జామకాయలు పేర్చే ఆయన్ను చూసింది. ఆయన పేర్చడం అయ్యేదాకా చూసింది. తర్వాత గాజుల దుకాణాల వైపు కమాను. "తాళాలు తీస్తున్నరు. ఒకామె దుకాణం ముంగట నీళ్లు సల్లుతుంది, సూడు." నాకు అప్పటిదాకా కనిపించలేదు, ఆమె చెప్తే కనిపించింది. తర్వాత మసీదు వైపు. అక్కడ పావురాలు ఒక్కసారి లేచాయి. "అబ్బ" అంది చిన్నపిల్లలాగ. ఒక్కో కమాను ముందు ఎంతసేపు నిలబడిందో నేను చూసుకోలేదు.

మూడోది అయ్యాక ఫోన్ చూశాను. ఇప్పుడు దిగితేనే ఒంటిగంట బస్సు అందుతుంది.

"పెద్దమ్మా, బస్సు."

"గా బస్సు పోతే ఇంకోటి వస్తది" అని, గోడ తడుముకుంటూ నాలుగో కమాను వైపు నడిచింది.

నేను మా ఆయనకు ఫోన్ చేసి, సాయంత్రం బస్సుకు టికెట్ చూడమన్నాను.