నాయకత్వానికి పోతే నడుము పట్టింది

ఆ రోజుల్లో శంషాబాద్‌లో జేబులో విజిటింగ్ కార్డు లేని పడుచువాడు కనబడితే, పాపం ఒంట్లో బాగాలేదేమో అనుకునేవాళ్లం. విమానాశ్రయం వచ్చాక ప్లాట్ల వాళ్లు, క్యాబుల వాళ్లు, అందరూ ఎండీలే. నేనూ ఎండీనే, మంఖాల్‌లో మా రెండెకరాల గులాబీ తోటకు. పూలు కోయించేది, కట్టలు కట్టేది, ఆటోకెక్కించేది మా అక్క (ఇక ఎండీ ఏం చేయాలో నాకు ఎవరూ చెప్పలేదు). ఆ ఏడు పూలను అడిగే దిక్కు లేదు. "గిట్లనే ఉంటే తోట పీకేసి ప్లాట్లకిస్త" అన్నాడు బాపు. అక్క ఆ రోజు అన్నం ముట్టలేదు.

అప్పుడే ఒక హోటల్లో యువ వ్యాపారులకు నాయకత్వ శిక్షణ అని తెలిసింది. ఆ హోటల్ కొనుగోళ్ల మేనేజరు కూడా వస్తాడట. కోటు కిరాయికి తెచ్చుకున్నాను.

"పూలు కోసెటోళ్లు తక్కువున్నరు, యాడికి పోతున్నవ్ రా?"

"నెట్‌వర్కింగ్‌కు అక్కా."

"గదేంది?"

"పెద్దోళ్లతోని పరిచయాలు."

"పరిచయాలకు ఎండల కోటెందుకు? జర మంచిగ మాట్లాడు, సాలు."

అక్కడ డెబ్బై మందిమి కార్డులు ఇచ్చిపుచ్చుకున్నాం. అందరం అమ్మేవాళ్లమే, కొనేవాడు ఒక్కడూ లేడు. నన్ను పరిచయం చేసుకోమంటే, నోరు జారి, "ఇరవై ఎకరాల తోట" అన్నాను. ఆ తర్వాత శిక్షకుడు నమ్మకం ఆట పెట్టాడు: నాయకుడు కళ్లు మూసుకుని వెనక్కి పడాలి, జట్టు పట్టుకోవాలి. నాయకుడెవరంటే చెయ్యెత్తింది నేనే. నేను కళ్లు మూసుకుని పడే సమయానికే మేనేజరు తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు. నా జట్టంతా కార్డులు పట్టుకుని అటు పరుగెత్తింది.

కళ్లు తెరిచేసరికి కప్పు కనిపించింది. నడుము కింద ఏదో కలుక్కుమంది. నా దగ్గరకు వచ్చి వంగినవాడు ఆ మేనేజరొక్కడే. ఆ స్థితిలోనే నా ఇరవై ఎకరాల వ్యాపారం చెప్పుకున్నాను.

"రోజుకు ఎన్ని కట్టలు ఇవ్వగలరండీ?"

నాకు తెలియదు. "అక్కనడగాలె సార్" అన్నాను. నేను నంబరు చెబితే ఆయన అక్కడే ఫోన్ కలిపాడు. ఇరవై ఎకరాలు కదమ్మా, రోజూ మా హోటలంతటికీ పూలు ఇవ్వగలరా అన్నాడు. అక్క గొంతు నాకూ వినిపించింది: "ఎవలు చెప్పిన్రు సార్? రెండెకరాలే. గన్ని పూలు నావల్ల కాదు." ఆయన నా వంక ఒకసారి చూశాడు. అంతే, ఆర్డరు పోయింది.

పది రోజులు మంచం మీదే ఉన్నాను. అక్క వేళకు అన్నం, మందు పెట్టి తోటకు పోయేది. తిడితే బాగుండుననిపించేది. పొద్దున్నే అక్క పూలు కోసేవాళ్లతో అనే మాటలు కిటికీలోంచి వినబడేవి: "అత్తా, నీకు మోకాలు నొస్తుంది గదా, నీడల కూసోని కట్టలు గట్టు. ఆ సాలు చెట్లు నేను కోస్త." ఆ అత్తకు మోకాలి నొప్పి ఉందని ఎండీగారికి అప్పటిదాకా తెలియదు. మంచంలో పడి ఏడ్చాను (నడుము నొప్పికే అని ఇంట్లోవాళ్లు అనుకున్నారు).

పై ఏడు బాపు తోట ఇచ్చేశాడు. గులాబీ మొదళ్లను యంత్రం పెళ్లగిస్తుంటే అక్క చివరిదాకా నిలబడి చూసింది, నేను చూడలేకపోయాను. ఇప్పుడు అక్కకు శంషాబాద్‌లో చిన్న పూల దుకాణం ఉంది. పూలు ఎక్కడెక్కడినుంచో వస్తాయి. నేను నీళ్లు చల్లుతాను, రేకులు ఊడుస్తాను. ఎవరైనా నన్ను "మీరేం చేస్తరన్నా?" అని అడిగితే, అప్పటి ఆ పొగరుబోతు గుర్తొచ్చి కొంచెం నవ్వు వస్తుంది, కొంచెం జాలి వేస్తుంది. అక్కను చూపించి "గామె తమ్మున్ని" అంటాను.