వెనక సీటు లేని కారు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, హిందూపురంలో మేము నిలబడే చోటికి షిఫ్టు వ్యాను సరైన సమయానికే వచ్చింది. స్టీరింగు ముందు మాత్రం ఎవరో కొత్త మనిషి. "మామ యాడ?" అని అడిగాను.

"ఆయప్ప లేడు పాపా. తెల్లారకముందే గుండెనొప్పి వచ్చి పోయినాడంట. ఎక్కండి, టైమైతాండాది" అన్నాడు.

ఎక్కాం. పదమూడు మందిమీ ఎక్కాం. నా మీద నాకు ఇప్పటికీ తగ్గని కోపం అదే. మనిషి పోయాడని విన్న నిమిషంలోనే మేం ఎక్కి కూర్చున్నాం, ఎందుకంటే గేటు దగ్గర ఆలస్యమైతే సూపర్‌వైజరుకు జవాబు చెప్పుకోవాలి. చావు జవాబు కిందికి రాదు అక్కడ. సోమందేపల్లి దాటాం. తర్వాత వెనక ఒకామె ముక్కు చీదింది, అంతే, బండంతా ఏడ్చింది.

పెనుకొండ దగ్గర కార్ల సీట్లకు కవర్లు కుట్టే యూనిట్‌లో పనిచేస్తాను నేను. పోయినాయన మమ్మల్ని ఆరేళ్ళు ఆ యూనిట్‌కు తీసుకుపోయి తీసుకొచ్చిన డ్రైవరు. నాకు చుట్టం కాదు. వ్యానులో ఆడవాళ్ళందరికీ మామే. ఆయన భార్య అందరికీ అత్తే. నాకు చదువు నేర్పిన బడి ఒకటుంటే అది ఆయన పక్క సీటు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఆ సీటు దొరికిన తీరు చెప్పాలి. నేను పనిలో చేరిన రోజు వెనక అందరూ ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టు ఇరుక్కున్నారు. డ్రైవరు పక్క సీటేమో ఖాళీ. అదేం పద్ధతో నాకు అర్థం కాలేదు. తలుపు తీసి కూర్చున్నాను.

"ఏమ్మే, ఆడ కూర్చుంటారా?" అని వెనకనుంచి కేకలు.

మామ నా వైపు చూడనైనా లేదు. "బెల్టు పెట్టుకో" అన్నాడు. మర్నాడు బండి ఓనరు వచ్చి, ఆడపిల్లను ముందర కూర్చోబెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారని అడిగాడు. "నలుగురూ వెనక కూర్చోనుంటారు కదప్పా, వాళ్ళనేది నాకు వినపడదు" అన్నాడు మామ. ఆ సీటు ఇక నాదే.

పొద్దున పెనుకొండ మలుపు దగ్గర బండి వేగం తగ్గించి, "కొండ లేచిందో లేదో చూడు పాపా" అనేవాడు. మంచు పట్టిన రోజు కోట కనపడేది కాదు. "ఇంకా దుప్పటి తీయలేదు మామా" అనేదాన్ని. "దానికి షిఫ్టు లేదులే" అనేవాడు. ఇంతే మాట, రోజూ. మా ఇద్దరికీ విసుగు రాలేదు.

పడుచు వయసులో ఆయన పల్లెల నుంచి పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్టుకు జీపులో తోలేవాడట. గూళ్ళు నలగకుండా తోలడం వల్ల చెయ్యి మెత్తబడిందని చెప్పేవాడు. బండి తోలేది చేతులతో కాదు, నడుముతో అనేవాడు. "సీటు సరింగా లేకుంటే రోడ్డు చెప్పే మాట నడుముకు వినపడదు. నువ్వు వంకర కుట్టు కుట్టినావనుకో, యాడో ఎవడో డ్రైవరుకు సాయంత్రానికి తెలుస్తాది." ఈ మాట వినకముందు నాకు కుట్టంటే గంటకు ఇన్ని అని చూపించే బోర్డు. విన్నాక తొడ కింద వచ్చే కుట్టు దగ్గర చెయ్యి దానంతటదే నెమ్మదించింది. సూపర్‌వైజరు తిట్టాడు. తిట్టనీ.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున రైలు గేటు పడి ఆగినప్పుడు ఫోనులో ఆయనకొక బొమ్మ చూపించాను. ఎర్రటి కారు, నేలకు ఆనుకున్నట్టుంది, పైన కప్పు లేదు. ఎక్కడో విదేశంలో ప్రదర్శనకు పెట్టారు. ఇట్లాంటివి ఎప్పుడూ కోటీశ్వరులకే చేస్తారనీ, దీన్ని మాత్రం మామూలు మనుషులకు అందుబాటు ధరలో చేస్తామనీ రాశారు. మామ రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి, ఏదో పారేసుకున్నట్టు వెతికాడు.

"వెనక సీటు యాడ?"

"లేదు మామా. ఇద్దరికే."

"పిల్లోళ్ళు?"

"పట్టరు."

"చిన్నాయన వస్తే? బావమరిది వస్తే?"

"ఎవరొచ్చినా అంతే. రెండే సీట్లు."

గేటు లేచింది. వెనక లారీవాళ్ళు హారన్లు కొడుతున్నారు. మామ బండి కదపలేదు. "అట్లయితే మీ అత్త ముందర కూర్చోవాల్సిందే కదా!" అన్నాడు. అన్నాక నవ్విన నవ్వు మీకు చూపించలేను. యాభై దాటిన మనిషి అట్లా నవ్వగా నేను మళ్ళీ చూడలేదు.

సంగతి తర్వాత చెప్పాడు. మన పక్క కారులో ముందు సీటు ఎవరిదో అందరికీ తెలుసు. మామగారిది, అన్నగారిది, మొగపిల్లవాడిది. ఎవరూ లేకపోతే ఖాళీగా ఉంటుంది కానీ ఆడమనిషిది కాదు. అత్త పెళ్ళై వచ్చిన రోజు నుంచీ వెనకే. పెళ్ళిళ్ళకు బాడుగ బండిలో పోయినా వెనకే. ఒకసారి ధర్మవరంలో పుట్టింటి నుంచి వస్తూ బండిలో ఇద్దరే ఉన్నారట. "ముందరికి రా" అని పిలిచాడట. "ఎవరన్నా చూస్తే?" అని ఆమె వెనకే కూర్చుందట. "ముప్పై ఏండ్లు, పాపా. నా పెండ్లాన్ని అద్దంలోనే చూసినా" అన్నాడు. అందులో ఫిర్యాదు లేదు. నాకే మండింది.

ఆ రోజు నుంచి ఎదురుచూడటం మా ఇద్దరి పని. ఎక్కగానే "ఏమంటాండారు పాపా?" అని అడిగేవాడు. ఆ వార్తలు ఇంగ్లీషులో ఉండేవి. పదో తరగతి తప్పినదాన్ని, ఒక్కో మాటా పట్టుకుని అర్థం వెతికి చదివాను. కాన్సెప్ట్, ప్రోటోటైప్, ప్రొడక్షన్ అని మూడు మెట్లున్నాయని చెప్పాను. ఆయన తన లెక్కలో పెట్టుకున్నాడు. "కాన్సెప్ట్ అంటే పెండ్లిచూపులు. ప్రోటోటైప్ అంటే నిశ్చితార్థం. ప్రొడక్షన్ అంటే తాళి." ప్రతిసారీ వాళ్ళు వచ్చే ఏడు అన్నారు. "పిల్లను చూపించి, తాంబూలాలు పుచ్చుకుని, ఇట్లా ముహూర్తం పెట్టకపోతే మన ఊర్లో ఊరుకుంటారా?" అని గొణిగేవాడు. గొణిగి, మర్నాడు మళ్ళీ అడిగేవాడు.

పెనుకొండలో టీ బంకు ఆయన ఆ బొమ్మ చూసి దానికి చెప్పుల కారు అని పేరు పెట్టాడు. చెప్పు మాదిరే ఉందట. "ఏమన్నా, నీ చెప్పుల కారు వచ్చిందా?"

"వస్తాండాది. నీ టీ మాదిరి నీళ్ళు పోసి చేసేది కాదు. ఆలస్యమైతాది."

ఒక ఆదివారం వాళ్ళింటికి పోయాను. అత్త మగ్గానికి పోగులు అతుకుతూ ఉంది, ధర్మవరం చెయ్యి కదా, మాట్లాడుతున్నా వేళ్ళు ఆగవు. మామ నా ముందే ఆమెకు రోడ్డంతా చెప్పుకొచ్చాడు. హిందూపురంలో పొద్దున బయలుదేరేది, పెనుకొండ కొండ కింద ఆపి ఇడ్లీ తినేది, ఎండ ముదరకముందే ధర్మవరంలో ఆమె పుట్టింటి వీధిలోకి పోయేది. పైన కప్పుండదు, వీధంతా చూస్తుంది.

"కప్పు లేని బండా? ట్రాక్టరుకు కూడా కప్పు లేదు, అదెక్కితే పోలా!" అంది అత్త.

"అది కాదే, గాలి..."

"గాలి కావల్లంటే మిద్దెక్కు."

మామ నీళ్ళకని లోపలికి పోయాడు. అప్పుడు అత్త వేళ్ళు ఆగాయి. గొంతు తగ్గించి, "నిజంగా వెనక సీటు పెట్టరా పాపా?" అని అడిగింది. పెట్టరన్నాను. "ఊఁ" అని మళ్ళీ పోగు అందుకుంది.

ఇంక నేను చేసిన పాడు పని. అప్పటికే ఆయన కంటికి పొర వస్తోంది. "నా చూపుండే లోపల రావల్ల, లైసెన్సుండే లోపల రావల్ల" అంటుండేవాడు. ఈలోగా ఇంకో వార్త: మళ్ళీ వాయిదా. ఆ రోజు నాకు లైనులో గొడవైంది. ఏళ్ళుగా సీట్లు కుడుతున్నాను, నేను కుట్టిన సీటులో ఒక్కసారి కూర్చోలేదు. అందుబాటు ధరట! ఎవరి చేతికి అందుబాటు? ఆ రాసినవాళ్ళ చేతులు పొడుగు. అదంతా తెచ్చి ఆయన మీద పోశాను. "ఆ కారు రాదు మామా. వచ్చినా ఈ దేశానికి రాదు. ఈ దేశానికి వచ్చినా నీకు రాదు. ఊరికే ఏంటికి అడుగుతావు?"

ఆయన గేరు మార్చాడు. హిందూపురం వచ్చింది. అందరూ దిగాక నన్ను ఆపాడు.

"నువ్వు చెప్పింది నిజమే పాపా. నాకు తెలీదనుకుంటివా? ముప్పై ఏండ్లు ఒకరి బండే తోలినోన్ని. కానీ ఇట్లా ఎదురుచూస్తాండాను చూడు, రోజూ పొద్దున బండి తీస్తూనే మీ అత్త నా పక్కన కూర్చుంటాది. పెనుకొండ దాకా మాట్లాడతాది. అది కూడా తీసేస్తావా?"

నేను తలుపు వేసి ఇంటికి పోయాను. క్షమించమని అడగలేదు. మర్నాడు ఎక్కి, ఆయన అడగకముందే ఫోను తీసి, "ఈరోజు ఏమీ లేదు మామా, రేపు చూద్దాం" అన్నాను. అంతే నాకు చేతనైంది. ఆ తర్వాత ఆరు నెలలు అదే చెప్పాను. రేపు చూద్దాం. ఏదో ఒకటి కావాలని ప్రతిరోజూ అడగడంలో సిగ్గేమీ లేదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నాకు కోపం ఎవరూ నేర్పక్కరలేదు, పుట్టుకతోనే ఉంది. కోరుకోవడం మాత్రం ఆయన నేర్పిందే.

దినాలు అయిపోయిన వారానికి, టిఫిను టైములో ఫోనులో వార్త చూశాను. ఆ రెండు సీట్ల కారును తయారీకి తీసుకున్నారట. ఈసారి కాన్సెప్ట్ కాదు, ప్రోటోటైప్ కాదు. నెలా తేదీ చెప్పలేదు, ధర చెప్పలేదు, ఎక్కడెక్కడ అమ్ముతారో చెప్పలేదు. తాళి మాత్రం కడతామన్నారు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ఒక్క నెల. ఒక్క నెల ముందు రాసి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది?

షిఫ్టు అయ్యాక నేరుగా అత్త దగ్గరికి పోయాను. చెప్పాలా వద్దా అని దారంతా కొట్టుకున్నాను. ఇంటి ముందు అరుగు మీద, సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంది. చేతిలో పోగులు లేవు. నాకు దాచడం రాదు.

"అత్తా, ఆ కారు తయారు చేస్తారంట. ఈసారి నిజమేనంట."

ఏడుస్తుందనుకున్నాను. "ఎప్పుడంట?" అంది.

"చెప్పలేదత్తా."

"మళ్ళా మార్చినారేమో చూడు. వెనక సీటు పెట్టినారా?"

ఆమె ఎదుటే బొమ్మ పెద్దది చేసి చూశాను. "లేదు. రెండే."

"నాది ఏ పక్క?"

"ఎడమ పక్క అత్తా. తోలే మనిషి కుడి పక్క."

అత్త అరుగు మీద ఎడమకు జరిగింది. కొంగు నడుము చుట్టూ తిప్పి బిగించి దోపుకుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ధర్మవరం పోయే రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. కుడి పక్క, తోలే వైపు, ఒక మనిషి పట్టేంత చోటు. "కూర్చో పాపా" అని కూడా అంది. నేను నిలబడే ఉన్నాను.