చేరినాకే చీపురు

మా వదినె సౌందరం చీపురు పట్టిందంటే ఆ నేల మీద అన్నం పోసుకుని తినొచ్చు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పేది విని ఆమెను శుచీ శుభ్రం లేని మనిషి అనుకుంటారేమోనని. నా పేచీ ఆమె ఊడవదని కాదు, ఎప్పుడు ఊడవాలన్న దాని గురించి. ఆ ఒక్క విషయంలో ఆమె నా ప్రాణం తోడేసింది.

సౌందరం మా అన్న బాలసుందరం భార్య. పుట్టిల్లు మదురైకి దక్షిణాన నల్లరేగడిలో తెలుగువాళ్ళ ఊరు. పత్తి, జొన్న, మిరప తప్ప నీడనిచ్చే చెట్టు పెద్దగా ఎరగని పిల్లను కోయంబత్తూరు దగ్గర మా కినత్తుకడవు కొబ్బరితోపులోకి కోడలిగా తెచ్చుకున్నాం. వచ్చిన కొత్తలో కాయ పడుతుందని తల మీద రెండు చేతులూ పెట్టుకుని తోపులో నడిచేది. మేమంతా నవ్వేవాళ్ళం. తర్వాత నీళ్ళు పారించడం, కాయ దింపించడం, వ్యాపారితో గొంతెత్తి పోట్లాడడం అన్నీ ఆమె చేతిలోకే వచ్చాయి. మా అన్న చాలా మంచివాడు, అంటే ఏ పనీ చెయ్యనివాడు. అతను పోయాక ఇంట్లో మనిషి తగ్గాడు గానీ తోపు పనిలో తేడా రాలేదు.

తేడా తెచ్చింది చెట్ల జబ్బు. మట్టలు పసుపు తిరిగి, వాలిపోయి, కాయ చిన్నదై, చివరికి చెట్టు వట్టి మోడవుతుంది. సగం తోపు కొట్టించాల్సి వచ్చింది. ఆ ఎండపడ్డ ఖాళీ చూసి ప్లాట్లు వేసేవాళ్ళు వారం వారం వచ్చి తిన్నె మీద కూర్చోవడం మొదలుపెట్టారు. ఆమె వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపేది. మజ్జిగతో ఎన్నాళ్ళు పంపగలదు?

అప్పుడు మా నరేన్ ఈ ఉపాయం చెప్పాడు. నరేన్ నా కొడుకు, కోయంబత్తూరులో పంపుల కంపెనీలో పని. శనివారం వస్తే పొళ్ళాచ్చి రోడ్డంతా కార్లే. ఆళియార్ డ్యాముకూ, వాల్పారై కొండకూ, ఆనైమలై అడవికీ పోయేవాళ్ళు. వాళ్ళకు రాత్రి పడుకోవడానికి హోటలు గది వద్దట, కొబ్బరితోపే కావాలట. మనం రోజూ పేడ ఎత్తే చోటు పట్నంవాళ్ళకు వేడుక. మా పక్క తోటలవాళ్ళు అప్పటికే మోటారు గదులకు సున్నం కొట్టి ‘ఫార్మ్ స్టే’ అని బోర్డులు పెట్టేశారు. నేను పోదనూరులో ఉంటాను, మిల్లు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. చేతికొచ్చిన పి.ఎఫ్. అంతా పెట్టి వదినె ఇంటికి ఆనించి రెండు గదులు కట్టించాను. గదులు నిండితే తోపు నిలుస్తుంది, నిండకపోతే తోపు ప్లాట్లవుతుంది. సంగతి ఇంతే.

గదులు నిండాయి. వానల కాలంలో అయితే ముందే బుక్కయిపోయేవి. రోడ్డు మీద ఎలనీరు బోండాలు అమ్మేవాడికీ, ఆటోవాడికీ కూడా బేరం పెరిగింది. ఊడ్చి తుడవడానికి పాప్పాత్తి అనే ఆమెను పెట్టుకున్నాం. అప్పుడు మొదలైంది నా ఖర్మ.

ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. పదకొండింటికి ఒక కారు వెళ్ళింది. ఒంటిగంటకు ఇంకో కారు రావాలి. ఈ వ్యాపారమంతా ఆ రెంటి నడుమనే ఉంది. దుప్పట్లు మార్చాలి, బాత్రూము కడగాలి, గది తుడవాలి. పాప్పాత్తి చీపురు తీసింది. వదినె వచ్చి ఆ చీపురు లాక్కుని అటక మీద పెట్టింది.

“ఏంది వదినె?” అన్నాను.

“వాళ్ళు ఇప్పుడే గదా పోయినారు. చేరినామని ఫోన్ రానీ, అప్పురం ఊడుస్తాం.”

“వాళ్ళు పోయేది బెంగళూరుకు. సాయంత్రం అవుతుంది.”

“అయితే కానీ. మనిషి గడప దాటిన ఎంబడే ఇల్లు కడిగేది పీనుగ లేచిన ఇంట్లోనే, రుక్కు.”

ప్రయాణమై వెళ్ళిన మనిషి వెనకనే ఊడవకూడదన్నది నాకూ తెలుసు. మా అమ్మ కూడా కాసేపు ఆగేది. కానీ వదినె పుట్టింటిది ఇంకో లోకం. అక్కడ పత్తి బండ్లు సంతకు పోతే, చేరిన కబురు వచ్చేదాకా బండివాడి ఇంట్లో చీపురు ముట్టేవాళ్ళు కారట. ఆ బండ్లు పోయి, లారీలు పోయి, పత్తి కూడా పోయింది. చీపురు మాత్రం అటక మీదే ఉంది. తాను ఊడవదు, పాప్పాత్తిని ఊడవనివ్వదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ఒంటిగంటకు వచ్చినవాళ్ళు మంచం మీద ముందువాళ్ళ తువ్వాలు చూశారు. ఆ రాత్రే గదులు బుక్ చేసుకునే యాప్‌లో మాకు రెండు స్టార్లు వేశారు.

ఆ తర్వాత జరిగినవి చెబితే నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వదినె ప్రతి కారు వెనకా వాకిలిదాకా వెళ్ళి, “చేరినాంక ఫోన్ చెయ్యి కన్నా” అని తమిళంలో చెప్పి సాగనంపేది. వాళ్ళు సరేననేవాళ్ళు. చెయ్యరు. ఎవరు చేస్తారు? అందుకని ఆమే వాళ్ళ నంబర్లకు చేసేది. కొత్తగా పెళ్ళైన జంట ఒకటి ఇక్కడి నుంచి ఊటీ, అక్కడి నుంచి మైసూరు, అక్కడి నుంచి కూర్గు తిరిగి ఇల్లు చేరేసరికి వారం అయింది. చేరడమంటే ఇల్లు చేరడమేనని ఈమె పట్టు. ఆ వారమంతా ఆ గదికి తాళం. ‘చోటు బాగుంది, కానీ ఇంటావిడ ఫోన్ మీద ఫోన్ చేస్తుంది’ అని వాళ్ళు రాసింది నరేన్ నాకు చదివి వినిపించాడు. ఇంకొకరు బాత్రూములో వెంట్రుకలు ఫోటో తీసి మరీ పెట్టారు.

“అత్తతో నువ్వే మాట్లాడమ్మా,” అన్నాడు నరేన్. వాడికి వ్యాపారం తెలుసు గానీ ఆడబిడ్డ పోరూ, వదినె మౌనమూ తెలియవు.

మాట్లాడాను. “వాళ్ళు మన వాళ్ళా వదినె? డబ్బు కట్టి పడుకుని పోయేవాళ్ళు. నీ బండి శాస్త్రం వాళ్ళకెందుకు?”

“మన ఇంట్లో అన్నం తిని పోయినోళ్ళు. వేరేవాళ్ళు ఎట్లయితారు?”

“సరే, అయితే అన్నం పెట్టకు. పెట్టమని ఎవరు అడిగినారు? గదికే కదా డబ్బు.”

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. మరునాడు వచ్చినవాళ్ళకు రాగి సంకటి, కీరై ఆకుకూర పెట్టిందని పాప్పాత్తి చెప్పింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

చివరికి యాప్‌వాళ్ళ దగ్గర నుంచే మెసేజి వచ్చింది. స్టార్లు ఇంకా దిగితే మా గదులు ఎవరికీ కనపడకుండా తీసేస్తారట. ఆ వారమే ప్లాట్ల మనిషి కూడా వచ్చి కూర్చున్నాడు. ఈసారి మజ్జిగ తాగి లేవలేదు, తోపు చుట్టూ తిరిగి అడుగులు వేసి కొలుచుకున్నాడు. వదినె తిన్నె మీద కూర్చుని అతను నడిచే దిక్కే చూస్తూ ఉంది. అతను పోయాక అటక మీద నుంచి చీపురు తీసి పాప్పాత్తి చేతికిచ్చింది.

“మీ ఇష్టం,” అంది నాతో.

ఆ రోజు నుంచి మారిపోయింది. అతిథులకు అన్నం లేదు, కాఫీ ఒకటే. ఎవరికీ ఫోన్ చెయ్యదు. వాళ్ళు బయలుదేరే వేళకు పెరటి వైపు వెళ్ళి కొబ్బరి పీచు సర్దుతూ కూర్చుంటుంది. “వాకిలిదాకా పోయి సాగనంపితే గదా పోయినారని తెలిసేది. నేను చూడలే, నాకు తెలీదు,” అంటుంది. గదులు అద్దంలా ఉన్నాయి. స్టార్లు ఎక్కాయి. ‘శుభ్రంగా ఉంది’ అని రాస్తున్నారు. ఇంకేమీ రాయడం లేదు. గెలిచినదాన్ని నేనే. గెలిచి కూడా ఆమె మీద నాకు కోపం తగ్గలేదు. మునుపు పోట్లాడేది, ఇప్పుడు అదీ లేదు.

మొన్న కార్తీకంలో నాలుగు రోజులు ఉందామని వెళ్ళాను. వారం మధ్య గదులు ఖాళీ కాబట్టి ఒక గదిలో పడుకున్నాను. శనివారం మధ్యాహ్నం ఆ గదికే ఒక కుటుంబం రావాలి. వాళ్ళు వచ్చేలోగా నేను బయలుదేరాను. వదినె రోడ్డుదాకా వచ్చి నన్ను సాగనంపింది. బస్సు స్టాపులో నిలబడ్డాక గుర్తొచ్చింది, నా చదువుకునే కళ్ళద్దాలు గది కిటికీలో మర్చిపోయానని.

తిన్నగా వాకిలి వైపు వెళ్ళలేదు. మర్చిపోయి తిరిగొచ్చినవాళ్ళను వదినె కూర్చోబెట్టి నీళ్ళు తాగించి మళ్ళీ పంపుతుంది, మళ్ళీ అంతా మొదటికి వస్తుంది. పెరటి దారిన వెళ్ళి పాప్పాత్తిని పిలిచి అద్దాలు తీసుకుందామని మోటారు గది వెనకకు వచ్చాను. అక్కడి నుంచి చూస్తే నా గది తలుపు తీసే ఉంది. నేను తాగిన కాఫీ లోటా గడప పక్కనే ఉంది. మంచం మీద దుప్పటి నేను లేచినట్టే నలిగి ఉంది. గేటు దగ్గర అప్పుడే కారు ఆగింది. పాప్పాత్తి చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

“అమ్మా, వాళ్ళు వచ్చేసినారు,” అంది పాప్పాత్తి తమిళంలో.

“ఉండు. రుక్కు పోదనూరు చేరనీ,” అంది వదినె.

ఇన్నాళ్ళ గొడవ, ఇన్ని స్టార్లు, ఆ అడుగులు వేసి కొలిచినవాడు, నా పి.ఎఫ్., అన్నీ ఒక లోటా దగ్గర ఆగిపోయాయి. లోపలికి వెళ్ళి అరుద్దామనుకున్నాను. వెళ్తే కూర్చోబెట్టి నీళ్ళిస్తుంది. ఇంకేం చెయ్యను? ఫోన్ తీసి అక్కడే గోడ చాటున వంగి చేశాను.

“వదినె, చేరినాను.”

“అంతలోనే చేరినావా?”

“మా పక్కింటాయన కారులో పోతా ఉండె. ఎక్కించుకున్నాడు.”

“సరి,” అంది. కాస్సేపటికి గచ్చు మీద చీపురు చప్పుడు వినబడింది. నేను అద్దాలు లేకుండానే రోడ్డెక్కాను.

నాకు ఈ నమ్మకాలు లేవు. అయినా ఆ బస్సు ఎక్కినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. నేను రోడ్డు మీద ఉన్నాను, నా వెనక నా గది ఊడ్చేశారు. డ్రైవరు బ్రేకు వేసిన ప్రతిసారీ ముందు సీటు కమ్మీ పట్టుకున్నాను. సుందరాపురంలో దిగి రోడ్డు దాటడానికి సిగ్నల్ రెండుసార్లు పడేదాకా నిలబడ్డాను. ఈ భయం నాకు అంటించినందుకు దారిపొడుగునా ఆమెనే తిట్టుకున్నాను. ఇంటి తాళం తీసి లోపల అడుగుపెట్టాక, చేరినానని ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాల్సిన మనిషికి ఒకసారి చెప్పేసి ఉన్నాను.

అప్పుడు ఫోన్ మోగింది.

“రుక్కు, చేరినావా?” వదినె.

“అప్పుడే చెప్పినా గదా.”

“అది మోటారు గది ఎనకాల నుంచి చెప్పింది. నీ చీర అంచు కనబడె. ఇప్పుడు అడుగుతా ఉండా.”

“మరి ఊడ్చినావే?” అన్నాను.

“వాకిలి గచ్చు మీద ఊరికే గీకినా. లేకుంటే నువ్వు ఆ ఎండలోనే నిలబడి ఉంటివి, బస్సు పోయుండును.”

“వచ్చినవాళ్ళు ఏమైనారు?”

“తిన్నె మీద చాప వేసి కూర్చోబెట్టినా. పావం, ఆకలితో వచ్చినారు. ఉన్న అన్నం, చారు పోసినా. పిల్లది తిని నిద్రపోయె. ఆయమ్మ నాతో కలిసి ముల్లంగి తరుగుతా ఉండాది.”

“ఇంతసేపూ బయటనేనా? వాళ్ళు ఏం రాస్తారో తెలుసునా వదినె? తోపు పోతే?”

“పోనీ. చెట్లు కొట్టించినప్పుడు చూసినా గదా, పోయేది పోతాది. పోయినోళ్ళ ఎనకాల ఊడ్చినా రుక్కు, నువ్వు చెప్పినావని అందరి ఎనకాలా ఊడ్చినా. నీ ఎనకాల నాకు చెయ్యి రాలే.” మళ్ళీ అడిగింది, “చేరినావు గదా?”

“చేరినా వదినె.”

“సరి, పెట్టేస్తా ఉండా. గది ఊడవాల.”

ఎన్నిసార్లు నేర్పినా ఫోన్ కట్ చెయ్యడం ఆమెకు రాదు. అలాగే కిటికీలో నా కళ్ళద్దాల పక్కన పెట్టేసినట్టుంది. దుప్పటి దులిపిన చప్పుడు వినబడింది, తర్వాత లోటా ఎత్తిన చప్పుడు, తర్వాత చీపురు. నేను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, ఆమె ఆ గది నాలుగు మూలలూ ఊడ్చేదాకా విన్నాను.