ఎక్కడ నాటినా

వైన్ తయారీశాలలో వచ్చినవాళ్లకు రుచి చూపించే ఆవిడకు తోటివాళ్లు పెట్టిన పేరు షార్డనే. ఆ పేరున్న తెల్లద్రాక్ష గురించి రోజంతా నిలబడి ఒకటే పాఠం అప్పజెబుతుంది. "చలిచోట పుల్లన, ఎండచోట పండు తీపి. ఎక్కడ నాటినా సర్దుకుంటుందండీ." చెబుతూనే బరువు ఓ కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటుంది, ఆవలింతను నవ్వుగా తిప్పేస్తుంది. కంపెనీ ఆమెను ఇప్పటికే మూడు ఊళ్లు తిప్పింది. కూతురికి ఈ ఊళ్లోనే మొదటిసారి ఓ స్నేహితురాలు దొరికింది. ఈసారి పొమ్మంటే కుదరదని చెప్పేయాలనుకుంది.

సాయంత్రం ఆమె గ్లాసులు తుడుస్తుంటే మేనేజరు తలుపు దగ్గర ఆగాడు. "మన షార్డనేని ఎండకొండల తోటకు పంపుదామనుకుంటున్నాం. ఏమంటావమ్మా?"

ఆమె తలెత్తలేదు. "ఎక్కడ నాటినా సర్దుకుంటుందండీ."

"భలేదానివమ్మా! అయితే సామాను సర్దుకో."

"నేను ద్రాక్ష సంగతనుకున్నానండీ" అంది, తలుపు మూసుకున్నాక.