పసుపు గింజ మొలవని ఏడు

సోయా చిక్కుడంటే ఏమిటో మా విజయనగరం వైపు అప్పటికి ఎవరూ ఎరగరు. అరవైల చివర్లో, ఊరికి దూరంగా ఉన్న ఒక గవర్నమెంటు ఫారంలో నేను తాత్కాలిక సహాయకుణ్ణి. ఎక్కడెక్కడివో రకరకాల సోయా విత్తనాలు చిన్న చిన్న సంచుల్లో వచ్చేవి. వాటిని వరసలుగా విత్తి, ఏ మొక్క ఎంత ఎత్తు పెరిగింది, ఎన్ని కొమ్మలేసింది, ఎన్ని కాయలు కాసింది, కాయకి ఎన్ని గింజలు అని చూసుకోవడం నా పని. మొక్క మొక్కకీ తేడాయే. ఒకటి మోకాలెత్తు దాటదు. ఇంకోటి నడుం దాకా పెరిగి ఆకులు తప్ప ఇంకేమీ ఇవ్వదు. వంగి వంగి లెక్కపెట్టి సాయంత్రానికి నడుం పట్టేసేది, కాయల మీది నూగుకి చేతులు దురదెక్కేవి.

మా ఆఫీసరు నెమ్మదస్తుడు. తేడాలుండటం మన అదృష్టమయ్యా, అన్నీ ఒకేలా ఉంటే ఏరుకోడానికి ఏముంటుంది అనేవారు. అసలు తిప్పలన్నీ ఏరిన తర్వాతే. ఎరువు దిబ్బ పక్కన విరగకాసిన మొక్కని మురిపెంగా ఏరి, మరుసటి ఏడు దాని గింజలు వేస్తే పిల్లలన్నీ నాసిగా వచ్చేవి. ఆ కాపు నేల ఇచ్చింది గానీ విత్తనంలో లేదన్నమాట. కాయల సంఖ్య ఎప్పుడూ ఇలాగే ఏడిపించేది. గింజ బరువు మాత్రం మాట తప్పేది కాదు, తల్లి గింజ లావైతే పిల్లలవీ లావే. ఏది విత్తనంతో వస్తుంది, ఏది నేలతోనే పోతుంది అని తేల్చడానికే మా బతుకులు అరిగిపోయాయి.

మూడో ఏటికి ఒక్క రకం నిలిచింది. లావాటి పసుపు గింజ. మడి మారినా, వాన తగ్గినా రెండేళ్లూ తల్లిలాగే కాసింది. పైవాళ్లు వచ్చి దాన్ని చూసి ఒప్పుకుంటే సోయా స్కీము నిలుస్తుందని, నా ఉద్యోగం ఖాయమవుతుందని ఆఫీసరు చెప్పారు. నాకు కావలసింది అదే. నా భార్య మా మేనమామ కూతురు. పురిటికని కళింగపట్నం పుట్టింటికి వెళ్లి, నా ఉద్యోగం సంగతి తేలక అక్కడే ఉండిపోయింది. ఖాయమైన రోజున తల్లినీ పిల్లనీ తీసుకెళతానని మావకి మాటిచ్చాను. పిల్లకి మూడో ఏడు నడుస్తోంది. నేను దాన్ని చూసింది ఏ పండక్కో పబ్బానికో.

మా వైపు ఏరువాకకి ముందు విత్తనాన్ని మళ్లీ గలగలలాడేలా ఎండబెడతారు. చోడికీ ఉలవకీ అంతే, అవి బాగానే మొలుస్తాయి. సోయా విత్తనం అంతకుముందు గుప్పెడే గనక సీసాల్లో మూత బిగించి దాచి అలాగే విత్తేవాళ్లం, ఆ ఏడు ఎక్కువై కుండల్లో దాచాం. దాన్నీ అందరిలాగే కుండల్లోంచి తీసి రోహిణి కార్తె ఎండలో పోశాం. ఆఫీసరు గుప్పెట్లోకి తీసుకుని ఆడించి, బాగా ఎండిందన్నారు. వాన పడింది, విత్తాం. చిన్న నల్ల గింజ రకం ఒకటుండేది, దిగుబడి తక్కువని ఎవరూ ఖాతరు చేసేవారు కాదు. అది బారులు తీరి మొలిచింది. పసుపు గింజ మొలవలేదు. మట్టి తీసి చూస్తే గింజలు ఉబ్బి, తొక్క పగిలి, వేలు తగిలితే ముద్దయిపోయాయి. ఎండబెట్టినవాటిలో విత్తగా మిగిలినవి తడిగుడ్డలో కట్టి చూశాం. అవీ అంతే.

లావు గింజ, పలచని తొక్క. కుండల్లో ఉన్నన్నాళ్లూ సముద్రపు గాలి తేమ సగం చంపితే మిగతా సగం మా ఎండ చంపింది. మంచి కాపు తల్లి నుంచి వచ్చినట్టే ఈ పిరికి ప్రాణం కూడా తల్లి నుంచే వచ్చిందని అప్పుడు తెలిసింది. అన్నీ లెక్కపెట్టాం గానీ, మళ్లీ ఏటికి బతికుంటుందా అన్నది మాకెవరికీ తోచలేదు.

పైవాళ్లు వచ్చారు, చూశారు, కాఫీ తాగారు. నల్ల గింజ గురించి ఆఫీసరు ఏదో చెప్పబోతే దిగుబడి ఎంతని అడిగారు. నెలాఖరుతో నా పని ఆఖరన్నారు. నాకు కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక ఉండాలి.

ఆ మాట చెప్పడానికి కళింగపట్నం వెళ్లాను. మావ ఇంటి ముందు పిల్ల ఇసకలో ఆడుకుంటోంది. నా ముక్కే, నా నుదురే. దగ్గరికి వెళితే లేచి నిలబడి, "నువ్వెవులు?" అంది. నేను నోరు తెరిచేలోగా, "నాన్నా, ఎవులో వచ్చినారు" అంటూ లోపలికి పరుగెత్తి మా మావ కాళ్లు చుట్టేసింది. వాళ్లమ్మ పిలిచినట్టే తనూ ఆయన్ని పిలుస్తోంది.

ఉద్యోగం పోయిందని చెప్పాను. ఇంకోటి దొరికేదాకా వీళ్లని ఇక్కడే ఉండనీ అన్నాడు మావ. ఆయన మాట పూర్తవకముందే నా భార్య లోపలికెళ్లి పెట్టె సర్దుకొచ్చింది.

"నీకు ఉజ్జోగం కాయమయ్యేసరికి దీనికి పెళ్లీడు వచ్చేస్తాది బావా. పద, పోదాం."

ఆ సాయంత్రమే బస్సెక్కాం. ఎచ్చెర్ల దాటేదాకా పిల్ల నాన్న కావాలని ఏడుస్తూనే ఉంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను.